లెక్కను చదువ నేర్పువారెవరు?

‘కొండవీటి చేంతాడు’ అను మాట నెఱుగని తెలుగువాడుండడు. కొండవీటి బావులు మిక్కిలి లోతైనవగుటచే నీరు చేదుకొను త్రాడు అంతకంతకు పొడవు కావలసివచ్చెననియు, అందువలననే తెగని జాబితాకును ముగియని ముచ్చటకును ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. ఆ సామెతనే తీసికొని ఏడవ తరగతి పిల్లవాని కొక లెక్క నిత్తము. ఒక బావిలో నీరు నేలకు 48 అడుగుల క్రింద నున్నది. చేంతాడు పొడవు 60 అడుగులు. గిలకమీదుగా చేతికి వచ్చుటకు 8 అడుగులును, బిందె మెడకు ముడివేయుటకు 2 అడుగులును పోవును. ఇంక త్రాడెంత మిగులును?

ఇందు కష్టమైన గణితమేమియు లేదు. మూడవ తరగతి తీసివేత చాలును. అయినను ఈ లెక్కను పలుకమీద వ్రాసియిచ్చినచో ఏడవ తరగతిలో సగముమంది తడబడుదురనిన పల్లె పాఠశాలల నెఱిగిన యుపాధ్యాయులెవ్వరును ఆశ్చర్యపడరు. కొందఱు నాలుగంకెలను కూడి 118 అందురు. కొందఱు 60 లో 48 తీసివేసి అంతటితో చాలించి 12 అందురు. కొందఱు కలము క్రింద పెట్టి, ‘అయ్యా, ఇది కూడికా, తీసివేతా?’ అని యడుగుదురు. ఈ కడపటి ప్రశ్నయే మా ఈ వ్యాసమునకు మూలము. కూడికయు తీసివేతయు ఆ బాలునికి వచ్చును. అతనికి రానిది ఆ నాలుగు వాక్యములను చదివి, బావిని, త్రాడును, బిందెను కన్నులయెదుట నిలుపుకొనుట. అతడు లెక్క రానివాడు కాడు, లెక్కను చదువరానివాడు.

ఈ భేదము చిన్నదిగా తోచును గాని, మాధ్యమిక తరగతుల గణితబోధన అంతయు దీనిమీదనే ఆధారపడియున్నది. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులలోనే గణితము అంకెలను విడిచి మాటలలోనికి ప్రవేశించును. నిష్పత్తి, శాతము, వడ్డీ, వైశాల్యము, సమీకరణము, ఇవన్నియు వాక్యరూపమున వచ్చును. ఆ వాక్యములను విప్పుట నేర్పువారు లేనందున, అయిదవ తరగతివఱకు ఎక్కములు గడగడ అప్పగించిన పిల్లవాడు ఎనిమిదవ తరగతి నాటికి ‘లెక్కల్లో మొద్దు’ అనిపించుకొని, పొలమునకో మిర్చికోతకో పోవుచున్నాడు.

ఇది మా ఊహ మాత్రము కాదు. ఆన్ న్యూమన్ అను ఆస్ట్రేలియా విద్యావేత్త 1977లో ఒక పరిశోధనను ప్రకటించినది. మెల్బోర్ను నగరమున ఆఱవ తరగతిలో లెక్కలయందు వెనుకబడిన 124 మంది పిల్లలు చేసిన 3,002 తప్పులను ఆమె ఒక్కొక్కటిగ విడదీసి చూచినది. ప్రశ్నను బిగ్గరగా చదివించి, దాని భావము చెప్పించి, ఏ లెక్క చేయవలెనో అడిగి, పిదప చేయించి, తుదకు జవాబును వ్రాయించినది. ఎక్కడ బిడ్డ ఆగిపోయెనో అక్కడనే తప్పు పుట్టినదని గుర్తించినది. ఫలితమేమి? నూటికి 13 తప్పులు చదువలేకపోవుటచేతను, 22 చదివియు గ్రహింపలేకపోవుటచేతను, 12 గ్రహించియు దానిని గణితముగా మార్చలేకపోవుటచేతను కలిగినవి. అనగా నూటికి 47 తప్పులు కూడికయో గుణకారమో మొదలు కాకముందే జరిగిపోయినవి! గుణకార భాగహారములలో పొరపడినవి 26 మాత్రమే. తక్కినవానిలో అధికభాగము పరాకువలని తప్పులు. బిడ్డ తప్పు చేయగానే మరల ఎక్కములు వల్లింపజేయు మన పద్ధతి, కాలు నొచ్చిన రోగి కంటికి మందు వేసినట్లున్నది.

మన దేశపు స్థితి యెట్టిది? ‘అసర్’ అను పేర గ్రామముల యందలి పిల్లల చదువును పరీక్షించు నివేదిక 2022 సంవత్సరమునకు వెలువడినది. దాని ప్రకారము దేశమున ఎనిమిదవ తరగతి పిల్లలలో నూటికి 69.6 మంది రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. మూడంకెల సంఖ్యను ఒక అంకెచే భాగింపగలిగినవారు నూటికి 44.7 మంది. రెండవ తరగతి పాఠమునే చదువలేని ఆ ముప్పదిమంది చేతిలో ఎనిమిదవ తరగతి గణితపుస్తకము పెట్టినచో ఏమి జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. అయితే తక్కిన డెబ్బదిమంది మాట యేమి? వారు కథను చదువగలరు. కథ చదువుట వేఱు, లెక్క చదువుట వేఱు. కథలో ఒక మాట జాఱినను కథ నడచును. లెక్కలో ‘మిగిలినదానిలో’ అను నొక్క మాట జాఱినచో లెక్కయే మాఱిపోవును.

దీనికి మన పల్నాటి ఉదాహరణమే యిత్తము. ఒక రైతు తన మిర్చిలో సగము గుంటూరు యార్డున అమ్మెను. మిగిలినదానిలో మూడవ వంతును శీతలగిడ్డంగిలో పెట్టెను. ఇంక 8 బస్తాలు ఇంట నున్నవి. మొత్తము పంట యెంత? సరిగ చదివినవానికి 24 బస్తాలు వచ్చును. ‘మిగిలినదానిలో’ అను మాటను విడిచి, మూడవ వంతును మొత్తము పంటలోనుండి తీసినవానికి 48 బస్తాలు వచ్చును. ఒక్క మాట జాఱినందున పంట రెట్టింపయినది. రైతులకు నిజముగ నిట్టి యదృష్టము పట్టినచో మంచిదే గాని, అప్పులవాడు దానిని నమ్మడు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియును. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహములో ఇట్టి లెక్కలకు జాతులను ఏర్పఱచినాడు. మొత్తములోని వంతులను చెప్పునది భాగజాతి. మిగిలినదానిలోని వంతులను వరుసగా చెప్పునది శేషజాతి. అనగా లెక్క చేయుటకుముందు ఇది ఏ తీరు వాక్యమో గుర్తింపవలెనన్నమాట. ఆ గ్రంథమును తెలుగున పద్యరూపముగ వెలయించినవాడు పావులూరి మల్లన. అతడు పదునొకండవ శతాబ్దివాడని పెక్కుమంది పండితుల యభిప్రాయము. కొండవీటికి దక్షిణముగ, నేటి ఇంకొల్లు దాపున నున్న పావులూరే అతని యూరని చెప్పుదురు. తెలుగున శాస్త్రగ్రంథము లింక తలయెత్తని కాలమున మల్లన పూనుకొన్న పని సామాన్యమైనది కాదు. సంస్కృతమెఱుగని తెలుగువాడు తన భాషలో లెక్కను చదివి, తన భాషలోనే ఆలోచింపగలుగుటకు వలయు మాటలను అతడు సమకూర్చెను. 1150లో వెలసిన భాస్కరాచార్యుని లీలావతియందును తుమ్మెదలు, హంసలు, తామరలు లెక్కలలోనికి వచ్చినవి. ఆ పద్యమునకు అన్వయము కుదిరిననే గాని లెక్క కుదురదు. కావున ఆ కాలపు గణితవిద్యార్థి తప్పక భాషావిద్యార్థియు నై యుండెను.

అయినను పూర్వపు బడులన్నియు బంగారమని చెప్ప మా యుద్దేశము కాదు. 1823లో బళ్లారి కలెక్టరుగా నుండిన క్యాంబెల్ దొర ఆ మండలమందలి బడులనుగూర్చి వ్రాసిన నివేదిక ప్రసిద్ధమైనది. 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, ఎక్కములు, వ్రాతజాబులు చదువుట, లెక్కలు కట్టుట, ఇవన్నియు తక్కువ వ్యయముతో సాగుచుండెనని ఆయన మెచ్చుకొన్నాడు. కాని పిల్లలు వందలకొలది పద్యములను అర్థమెఱుగకయే చిలుకలవలె అప్పగింతురని ఎత్తిపొడిచినాడు. దొరవారి మాటలన్నియు మనకు శిరోధార్యములు కావు. ఈ మాట మాత్రము ఒప్పుకొనక తప్పదు. మల్లన పద్యమును కంఠస్థము చేసి అర్థమును విడిచిన బాలునికిని, నేడు సూత్రమును కంఠస్థము చేసి ప్రశ్నను విడిచిన బాలునికిని గల భేదము వేషమునందే.

ఈ వ్యాధి మన దేశమునకే పరిమితమైనదికాదు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబులు నగరపు గణితబోధనాసంస్థవారు 1979 ప్రాంతమున చిన్న తరగతుల పిల్లల కొక వింత లెక్క నిచ్చిరి. ఓడలో 26 గొఱ్ఱెలును 10 మేకలును ఉన్నవి, ఓడ నడుపు నాయకుని వయస్సెంత? 97 మంది పిల్లలలో 76 మంది అంకెలను కలిపి ఏదో యొక వయస్సును చెప్పిరి! గొఱ్ఱెలకును నాయకుని వయస్సునకును సంబంధమేమని అడుగవలెనని వారికి తోపలేదు. ఆ పిల్లలు మూఢులు కారు. ఇంటివద్ద ఎవరైన ఆ ప్రశ్న వేసినచో నవ్వియుందురు. బడిలో వేసిన ప్రశ్నకు జవాబు ఉండియే తీరునని బడియే వారికి నేర్పినది.

మన బడులలో ఈ దురభ్యాసమునకు తోడ్పడునది మఱియొకటి కలదు. ‘మొత్తము’ అని యున్నచో కూడుము, ‘మిగిలినది’ అని యున్నచో తీసివేయుము, ‘ఒక్కొక్కటి’ అని యున్నచో గుణింపుము, అని కొందఱు పంతుళ్లు పిల్లలకు గుర్తులు చెప్పుదురు. పరీక్షకు ముందు వారమున ఇది సులభోపాయముగ కనబడును. కాని చూడుడు: గోపయ్యవద్ద 12 గొఱ్ఱెలున్నవి, అవి వెంకయ్య గొఱ్ఱెలకంటె 5 ఎక్కువ, వెంకయ్యకెన్ని? ‘ఎక్కువ’ అను మాటను చూచి కూడినవాడు 17 అనును. వెంకయ్యకున్నవి 7 మాత్రమే. ‘అవి’ అను సర్వనామము ఎవరి గొఱ్ఱెలను తెలుపుచున్నదో, ‘కంటె’ అను మాట ఎవరిని ఎవరితో పోల్చుచున్నదో గ్రహింపనివానికి ఏ గుర్తును సాయపడదు. ఇది వ్యాకరణమే. తెలుగు పంతులు ఒక గదిలో సర్వనామము చెప్పుచుండగా, గణితపు పంతులు ప్రక్కగదిలో దానివలననే పిల్లలు తప్పులు చేయుచున్నారని కొట్టుచుండును. ఇద్దఱును ఒకరినొకరు పలుకరింపరు.

తెలుగు భాషలో గణితమునకు గల సౌకర్యములును, చిక్కులును ఉపాధ్యాయుడు తెలిసికొనవలెను. సౌకర్యములు చాల గలవు. ఇరువదిమూడు అనగా ఇరువదియు మూడును. మాటయే స్థానవిలువను చెప్పుచున్నది. హిందీ పిల్లలు నూఱువఱకు ఇంచుమించు ప్రతిసంఖ్యకు నొక క్రొత్త పేరు నేర్వవలెను. జర్మను పిల్లలు మూడును ముందు చెప్పి ఇరువదిని వెనుక చెప్పవలెను. ‘20 నుండి 8 తీసివేయుము’ అను తెలుగు వాక్యములో అంకెలు వ్రాయవలసిన వరుసలోనే యున్నవి. ఇంగ్లీషున 8 ముందు వచ్చి 20 వెనుక వచ్చును. ఆ భాషలో లెక్క చదువు తెలుగు బిడ్డ 8 లోనుండి 20 తీయబోయి నిలిచిపోవుట మనము చూచుచునే యున్నాము.

భిన్నముల దగ్గఱ కథ తలక్రిందగును. మనము ‘అయిదింట మూడు వంతులు’ అందుము. మొదట భాగములెన్నో చెప్పి, పిదప తీసికొన్నవెన్నో చెప్పుదుము. వ్రాతలో మూడు పైనను అయిదు క్రిందను ఉండును, ఇంగ్లీషువాడు మూడునే ముందు చెప్పును. మఱియు ‘మూడవ వంతు’ వేఱు, ‘మూడు వంతులు’ వేఱు. ఒక్క ‘వ’ కారమున్నచో మూడింట నొకటి, లేనిచో మూడు భాగములు. పోనీ అనుకొన్నచో, పల్లెలో ‘పని మూడొంతులయినది’ అనగా నాలుగింట మూడని యర్థము, అనగా ముప్పాతిక. ఇంటి భాషకును పుస్తకపు భాషకును నడుమ ఈ సందులో బిడ్డ నలిగిపోవును. కాలు, పరక, వీసము అను మాటలు వాడుకలో నున్న దినములలో నాలుగవ వంతునకును, ఎనిమిదవ వంతునకును, పదునాఱవ వంతునకును తనంత తానే పేరుండెను. నేడు ‘త్రీ బై ఫైవ్’ అని పిల్లవాడు చదువును. ‘బై’ అనగా నేమని యడిగినచో గీత యని చెప్పును.

‘రెట్లు’ అను మాట పెద్దలకును చిక్కు తెచ్చుచున్నది. ధర రెండు రెట్లు పెరిగినదని పత్రికలలో తఱచుగ కనిపించును. వంద రూపాయలది రెండువందలయినదా, మూడువందలయినదా? వ్రాసినవాని యుద్దేశము ఒకటి, చదివినవాడు గ్రహించినది మఱియొకటి. ‘రెండు రెట్లయినది’ అనినచో సందేహము లేదు.

శాస్త్రపదముల మాట మఱియు విచిత్రము. తెలుగు తరగతిలో సమాసమనగా రెండు పదముల కూర్పు, గణితమున సమాసమనగా సంఖ్యలు, చరరాశులు గల కూర్పు. వర్గమనగా వీథిలో జనసమూహము, గణితమున ఒక సంఖ్యను దానిచేతనే గుణించిన ఫలము. భిన్నమనగా వేఱయినది, ఇక్కడ వంతు. భుజమనగా మూపు, ఇక్కడ అంచు. ప్రమాణమనగా ఒట్టు, ఇక్కడ కొలత. మూలమున కెన్ని యర్థములో చెప్పనక్కఱలేదు. ఈ మాటలు చెడ్డవని మే మనము. వీనిలో ననేకములు మహావీరాచార్యుని నాటినుండి వచ్చిన గౌరవనీయములైన మాటలు. కాని ‘భుజము’ అనగానే తన మూపును తడవుకొను పిల్లవానిని చూచి నవ్వుటకంటె, త్రిభుజమునకు ఆ పేరు ఏల వచ్చెనో నిమిషమాత్రము చెప్పుట మేలు.

ఇక మాధ్యమపు వివాదము. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2019 నవంబరులో ఒకటవ తరగతినుండి ఆఱవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమమును విధించుచు 81వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించిరి. 2020 ఏప్రిలులో హైకోర్టువారు దానిని కొట్టివేసిరి. పిదప ఒక పుట తెలుగునను, ఎదుటి పుట ఇంగ్లీషునను గల పాఠ్యపుస్తకములు అచ్చయి పిల్లల చేతికి వచ్చినవి. తలిదండ్రులలో ననేకులు ఇంగ్లీషునే కోరుచున్నారు. ఉద్యోగము దానివలననే వచ్చునని వారి నమ్మకము, ఆ నమ్మకమును తేలికగ కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. పట్టణముననున్న మనము మన బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపి, పల్లెవానికి మాతృభాషను బోధించుట న్యాయమా?

మా యభిప్రాయమిది. పుస్తకము ఏ భాషలోనున్నను, లెక్కయందలి సంగతిని బిడ్డ తన యింటి మాటలలో మరల చెప్పగలుగవలెను. చెప్పలేనిచో ఆ లెక్క అతనికి ఏ భాషలోను తెలియలేదనుటయే. ఎదురెదురు పుటల పుస్తకము ఇందులకు చక్కని సాధనము కాగలదు. ఇంగ్లీషు పుటలో ప్రశ్నను చదివించి, తెలుగు పుటను మూయించి, నీ మాటలతో చెప్పుమని యడుగవచ్చును. పిదప తెలుగు పుటతో పోల్చి చూడవచ్చును. 20, 8 ల వరుస రెండు భాషలలో ఏల మాఱినదో పిల్లలే కనిపెట్టుదురు. కాని చాల చోట్ల జరుగుచున్న దేమనగా, పరీక్షకు కావలసిన పుట మాత్రము తెఱచి రెండవ పుటను నిర్జీవముగ పడియుండనిచ్చుట. ప్రభుత్వపు సొమ్ముతో అచ్చయిన సగము పుస్తకము చదువబడకయే చినుగుచున్నది.

గణితపు గంటలో చేయవలసినదేమి యని యుపాధ్యాయులు అడుగవచ్చును. పెద్ద యంత్రములు, తెరలు అక్కఱలేదు. వారమునకు ఒకటి రెండు లెక్కలను నిదానముగ తీసికొనవలెను. ఒక పిల్లవానిచే బిగ్గరగా చదివింపవలెను. ఎక్కడ విరామమిచ్చెనో, ఏ మాటను మ్రింగెనో వినవలెను. పిదప అంకెలను చెఱిపివేసి, అంకెలు లేకుండ ఆ లెక్కను చెప్పుమనవలెను. ‘బావి యున్నది, త్రాడున్నది, త్రాడు నీటికంటె పొడవు, కొంత గిలకకు పోవును, కొంత ముడికి పోవును’ అని చెప్పగలిగిన బిడ్డకు లెక్క సగము తీఱినట్లే. కొందఱిచే బొమ్మ గీయింపవలెను. జార్జి పోల్యా అను గణితవిద్వాంసుడు 1945లో వెలువరించిన తన ప్రసిద్ధగ్రంథమున లెక్కను సాధించుటకు మొదటి మెట్టు దానిని గ్రహించుటయే యని చెప్పి, తెలియవలసినదేది, తెలిసినదేది, వాని నడుమ నియమమేది అను ప్రశ్నలను ముందు పెట్టినాడు. మన పల్లె పంతులు ఆయన పేరు వినకున్నను, ఆ ప్రశ్నలను తెలుగున అడుగుటకు ఖర్చేమియు లేదు.

జవాబు వచ్చిన తరువాత ‘ఏల?’ అని ఒక వాక్యము వ్రాయింపవలెను. ఇది మిక్కిలి కష్టమైన భాగము. అంకెలు ధారాళముగ వ్రాయు పిల్లలు వాక్యము వ్రాయుమనగానే చెమటలు పోయుదురు. ప్రథమమున తప్పులతడకగ వ్రాయుదురు, వ్రాయనిండు. అక్షరదోషములను ఎఱ్ఱసిరాతో నింపుట ఆ గంట పని కాదు. ఆలోచన నిలిచినదా లేదా యనునదే చూడవలసినది. అట్లే పిల్లలచే లెక్కలను కల్పింపజేయుట మఱియొక మంచి పద్ధతి. 60 – 48 = 12 అని యిచ్చి, దీనికి తగిన కథ చెప్పుమనుడు. తీసివేత యనగా ఎవరో ఎత్తుకొనిపోవుట మాత్రమే కాదనియు, రెండు పొడవుల భేదము కూడ ననియు అప్పుడు తెలియును.

కొండవీటి పిల్లలకు లెక్కలకు కొదవ లేదు. పెదకోమటి వేమారెడ్డి 1402 నుండి 1420 వఱకు కొండవీటి నేలెను. ఆయన యాస్థానముననే శ్రీనాథుడు విద్యాధికారియై యుండెను. ‘నుండి’, ‘వఱకు’ అను మాటలు చివరి యేండ్లను కలుపుకొనునా, విడుచునా యని తరగతిలో చర్చ పెట్టుడు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఈ దుర్గమును గైకొనెను. పదునైదువందలతో మొదలైన యేడు పదునాఱవ శతాబ్ది ఎట్లయ్యెనో అడుగుడు, చరిత్రయు గణితమును ఒక్క చోటనే కలియును.

కొండవీటి కొండలలో పుట్టి అమరావతి ప్రాంతమున పాఱి కృష్ణలో గలియు కొండవీటి వాగు కలదు. దాని వరదనీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు ఉండవల్లివద్ద 2018లో పథకము ప్రారంభమైనది. 16 పంపులు, 5,000 క్యూసెక్కులు అని పత్రికలలో చదివితిమి. ఎందఱు పెద్దలు ఆ వాక్యమును చదివి యర్థము చేసికొనిరి? క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. ఒక్కొక్క పంపు వంతునకు 312.5 క్యూసెక్కులు వచ్చును. ఒక దినమున 86,400 సెకండ్లు గనుక పూర్తిశక్తితో నడచినచో 43 కోట్ల 20 లక్షల ఘనపుటడుగులు, అనగా టి.ఎం.సి.లో నూటికి 43 పాళ్లు. ఏడవ తరగతి గుణకార మింతకంటె కష్టమైనది కాదు. కాని సెకండునకు, దినమునకు, మొత్తమునకు గల భేదమును చదువుటలోనే విద్య యంతయు నున్నది. నీటికొఱకు మండలములు, రాష్ట్రములు కలహించు దేశమున ఈ వాక్యమును చదువరాని పౌరుడు ఎవరు ఏ సంఖ్య చెప్పినను తల యూపును.

ఇంటి సంగతికి వత్తము. పల్నాటి పల్లెలలో ‘రెండు రూపాయల వడ్డీ’ యనగా నూటికి నెలకు రెండు రూపాయలు. బ్యాంకువాడు ‘తొమ్మిది శాతము’ అనినచో నూటికి ఏడాదికి తొమ్మిది. రెండు చిన్నది, తొమ్మిది పెద్దది యని ఎంచి, బ్యాంకు గడప త్రొక్కక షావుకారువద్దకు పోయినవాడు 50,000 రూపాయల యప్పునకు ఏడాదికి 4,500 కు మారుగా 12,000 చెల్లించును. ఇక్కడ తప్పినది గుణకారము కాదు. ‘నెలకు’ అను మాట కాగితముమీద లేదు, మాటలోను లేదు, అందఱికి తెలిసినదే యని విడిచిపెట్టబడినది. లెక్క చదువుటయనగా వ్రాసిన మాటనే కాదు, వ్రాయక విడిచిన మాటనుగూడ అడుగుట. మహిళల పొదుపు సంఘపు పుస్తకము, విద్యుత్తు బిల్లు, యార్డున తరుగు కోసి యిచ్చిన చీటీ, ఇవి ఏ యింటికైనను వచ్చునవే. తరచుగ వానిని చదువవలసినది ఆ యింటి ఏడవ తరగతి పిల్లయే. ఆమె చదివిచెప్పినదే తల్లికి ప్రమాణము.

ఇది భాషాపంతులు పని గాని మాది గాదని గణితోపాధ్యాయులు కొందఱనుట మాకు తెలియును. ఇంగ్లండున 1975లో బుల్లకు సంఘమువారు తమ నివేదికలో ప్రతి శాస్త్రమును బోధించువాడును ఆ శాస్త్రపు భాషను బోధించు భారమును వహింపవలెనని చెప్పిరి. మన దేశపు 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికయు బిడ్డ ఆలోచనకే గణితరూపము నిచ్చుట గణితబోధనకు ప్రధానలక్ష్యమని చెప్పినది. మాట లేక ఆలోచన యెట్లు సాగును? పాఠ్యాంశములు ముగియవను మఱియొక ఆక్షేపణలో న్యాయము కలదు. పుస్తకము బరువైనది, పరీక్ష తఱుముకొని వచ్చును, ఉపాధ్యాయునికి బోధనతో సంబంధము లేని కాగితపు పనులు పెక్కులు మీద పడుచున్నవి. ఆ భారమును తగ్గింపక ఉపాధ్యాయుని మాత్రమే నిందించుట అన్యాయము. అయితే ఇరువది లెక్కలను నల్లబల్లమీదినుండి ఎత్తి వ్రాయించు గంటలో అయిదు లెక్కలను చదివించి చేయించినచో, పాఠము వెనుకబడునో ముందుపడునో ఒక మూడు మాసములు పరీక్షించి చూడవచ్చును.

మా చదువరులలో భూస్వాములు, వర్తకులు, న్యాయవాదులు ననేకులు తమ గ్రామముల బడులతో సంబంధము గలవారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడులకు నిర్వాహకసంఘము లేర్పడినవి, వానిలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెను. సంఘపు సమావేశములలో గోడకు సున్నము, మధ్యాహ్నభోజనపు గ్రుడ్లు, ప్రహరీ, ఇవి చర్చకు వచ్చుచున్నవి. అవియు కావలసినవే. ఈ మాఱు పోయినప్పుడు గణితపు గంటలో ఒక పావుగంట కూర్చుండి, పిల్ల లెక్కను చదువుట వినుడు. జవాబు అడుగవలదు. ‘ఇందులో ఏమి జరిగినదమ్మా?’ అని యడుగుడు. ఆమె చెప్పగలిగినచో పంతులుగారిని మెచ్చుకొనుడు. చెప్పలేనిచో పిల్లను గద్దింపక, తెలుగు పంతులుగారిని గణితపు పంతులుగారిని ఒక్కచోట కూర్చుండబెట్టి మాటాడుడు. ప్రశ్నపత్రములు కూర్చు అధికారులకు మే మొక సూచన చేయుదుము: ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల గణితపరీక్షలో ప్రతియేట ఒక ప్రశ్న లెక్క చేయనక్కఱలేనిదిగ నుండవలెను. ఒక లెక్కను ఇచ్చి, దీనిలో ఇచ్చినదేమి, అడిగినదేమి, అక్కఱలేని సమాచారమేమి, చాలని సమాచారమేమి యని వాక్యములలో వ్రాయుమని యడుగవలెను. దానికి పది మార్కులుంచినచో వచ్చు ఏడాదినుండియే తరగతిగదులలో ఆ పని మొదలగును.